ఎడమ ఇండికేటర్‌తో చర్ల దాకా

నేను చర్ల అవతల పని చేస్తున్న అంటే ఖమ్మంల ఎవ్వరైనా ముందు 'అయ్యో' అంటరు. తర్వాత 'బస్సు ఉంటదా?' అంటరు. బస్సు ఉంటది, కాని బడి టైముకు ఉండదు. అందుకే నేను బండి మీద పోయిన. దసరా సెలవులకు ఇంటికొచ్చి, కాళ్లు చాపుకొని కూసొని, 'అయ్యో' అన్నోళ్లందరి కోసం ఇది రాస్తున్న.

నేను ఇరవై ఏండ్లు లెక్కలు చెప్పిన టీచర్‌ని. పేరు రూతు. ఈ వానకాలంల హెడ్‌మిస్ట్రెస్‌గ ప్రమోషన్ వచ్చింది. బడి చూస్తే చర్ల దాటినంక పన్నెండు కిలోమీటర్లు అడవిలకు. మా స్టాఫ్ రూముల అందరిదీ ఒకటే పాట, 'నాట్ విల్లింగ్ రాసియ్యి రూతమ్మా' అని. అంటే ఈ ప్రమోషన్ నాకొద్దు అని మనమే సంతకం పెట్టి ఇచ్చే కాయితం అన్నట్టు.

మా బావ ప్రసాదు వద్దనలే. బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు, పెండ్లయి పద్దెనిమిదేండ్లయినా ఆ పిలుపు మారలే. ఖమ్మంల మోటర్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. పాత గేరు బండి ఒకటుంటే దాని మీద పదమూడు రోజులు నాకు నేర్పిండు. లైసెన్సు ఎప్పటిదో ఉంది గాని నాకు అలవాటే పోయింది. నేర్పిండు అంటే వెనక కూసొని, నేను మలుపు తిరిగినప్పుడల్లా ఇండికేటర్ కొట్టుకుంటున్నా సరే తన చెయ్యి బారెడు బయటికి చాపేటోడు. పద్నాలుగో రోజుకు ముందటి రాత్రి అన్నం తినుకుంట మెల్లగ అన్నడు:

"ఆ రోడ్డు నిండ లారీలే రూతూ. చర్లల రూము తీస్కున్నా బడికి రోజూ పొద్దుమాపు ఒక్కదానివే పోవాలె. ఎనక చెయ్యి చాపేటోడు లేకపోతే ఎట్ల తిరుగుతవే?"

నాకు మండింది. "ఖమ్మం నుంచి బడి గేటు దాకా నేనే తోల్త. మధ్యల ఒక్కసారి హ్యాండిల్ నీ చేతికిచ్చిన్నంటే నాట్ విల్లింగ్ ఇచ్చి వాపస్ వస్త" అన్న. అన్నదాన్ని ఊరుకోక కాయితం కూడ రాసిన. సంతకం పెట్టి, తేదీ వెయ్యకుండ, ప్లాస్టిక్ కవర్ల పెట్టి బ్యాగుల ఏసుకున్న. గడువు ఇంక రెండు రోజులే ఉంది. రెండో రోజు సాయంత్రం ఐదింటి లోపు బడిల సంతకం పెట్టాలె.

వైరా

పొద్దున్నే బయల్దేరి ముప్పై అయిదు స్పీడు మీద పోతుంటే పాత మోపెడ్ మీద పాలాయన నన్ను దాటిపోయిండు. బావ వెనక నుంచి నవ్విండు, నేను పట్టించుకోలే.

వైరా చెరువు దగ్గర చేపలు ఏపేటోళ్లు రోడ్డు పక్కనే ఉంటరు. పదింటికే మూకుడు పొయ్యి మీద ఉన్నది. ప్లేటు వంద. ఖమ్మంల అదే ప్లేటు నూట యాభైకి తక్కువ లేదు, అది కూడ ఎప్పుడు పట్టిన చేపో ఆ దేవునికే ఎరుక. ఏపే ఆమె నన్ను, బండిని, మా బావను మార్చి మార్చి చూసింది.

"ఆయన కూసుంటే నువ్వు తోలుతున్నవా అమ్మా?"

"అవ్."

"ఎంత దూరం?"

"చర్ల అవతల."

ఆమె ఇంకో ముక్క తీసి నా ప్లేట్ల ఏసింది. బావ తన ప్లేటు కూడ ముందుకు జరిపిండు గాని ఆమె చూడలే. ఆ ముక్క రుచి నాకింకా నాలిక మీదనే ఉంది.

జూలూరుపాడు ముందర

తల్లాడ దాటినంక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేన్లు. గాలి చల్లగుంది, నాకు ధైర్యం వచ్చి స్పీడు నలభై అయిదు చేసిన. అప్పుడు మేకల మంద అడ్డమొచ్చింది. మేకలన్నీ బుద్ధిగ దాటినయి. ఒక్కటి మాత్రం నడిమిట్ల నిలబడి, ఏదో మర్చిపోయిన దాని లెక్క వెనకకు మళ్లింది. నేను ముందు బ్రేకు గట్టిగ పట్టిన.

బండి ఎడమ పక్కకు నిదానంగ ఒరిగి, దాని వెనక భాగం పోయి కిలోమీటరు రాయికి తగిలింది. నా మోకాలు చెక్కుకపోయింది, బావకు ఏం కాలే. వెనక ఎడమ ఇండికేటర్ మాత్రం ఇరిగి వైరు మీద ఏలాడుతున్నది.

మేకల పెద్దాయన ఉరికొచ్చి బండి లేపిండు. "మేకకు తగల్లే గదా?" అని నేను అడిగితే, "మేక సంగతి నాకిడువు, ముందు మోకాలు సూసుకో బిడ్డా" అన్నడు. రోడ్డు పక్కన గాయపాకు తెంపి, అరచేతుల నలిపి, ఆ పసరు నా మోకాలు మీద పిండిండు. భగ్గుమన్నది. మా ఇంట్ల అయితే ఇంత దెబ్బకు దవాఖానా, సూది, మూడు రోజుల గోలీలు. ఇక్కడ ఒక్క ఆకుతోటి నెత్తురు ఆగింది.

"మెకానిక్ జూలూరుపాడుల ఉంటడు" అన్నడు పెద్దాయన.

"మెకానిక్ ఎందుకు? ఇంత దానికి?" అన్నడు మా బావ.

ఇక్కడ మా బావ గురించి ఒక మాట చెప్పాలె. ఖమ్మంల కాలిపోయిన మోటర్ ఏదైనా ఆయన చేతిల పడితే బతుకుతది. కాని ఆయనకు తెలిసిన కరెంటు ఒక్కటే, ఇండ్లల్ల ఉండే కరెంటు. బండి పక్క డూమ్, అంటే సీటు కింది మూత, ఇప్పి, తాళం ఆన్ చేసి, వైర్లు ఒక్కొక్కటే పట్టుకొని నాకు పాఠం చెప్పుడు మొదలుపెట్టిండు.

"పచ్చది ఎర్తు. ఇంట్ల కూడ అంతే. ఇగో, నల్లది న్యూట్రల్. ఇది బాడీకి తగలక లైటు రాలే, అంతే."

నల్ల వైరు తొక్క గీకి బండి బాడీకి తగిలించిండు. 'టప్' మన్నది. చిన్న మెరుపు, కాలిన వాసన. తర్వాత ఎడమ ఇండికేటరే కాదు, కుడిది పోయింది, హారన్ పోయింది, సెల్ఫ్ స్టార్టు కూడ పోయింది. కిక్కు కొడితే ఇంజన్ మాత్రం లేచింది. అదే దేవుని దయ.

"వైర్లు పాతవి" అన్నడు బావ.

నేను ఆ మేకల పెద్దాయన దిక్కు చూసిన, ఆయన ఆకాశం దిక్కు చూసిండు.

అక్కడి నుంచి పాల్వంచ దాకా మా ప్రయాణం మీరు చూడాల్సింది. ఇండికేటర్ బావ చెయ్యి, హారన్ బావ నోరు. కొత్తగూడెం బజార్ల "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని ఆయన అరుస్తుంటే కూరగాయలు కొనేటోళ్లు ఏదో ఊరేగింపు అనుకొని పక్కకు జరిగిన్రు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చినయి. ఎందుకంటే ఆయన చెయ్యి లేకుంటే నేను అడుగు కదల్లేనని ఆయన చెప్పిన మాటే నిజమైతున్నది.

పాల్వంచ

పాల్వంచల మా పిన్ని బిడ్డ క్వార్టర్ల పండుకున్నం. సాయంత్రం కరెంటు ప్లాంటు షిఫ్టు ఇడిసే టైముకు బండ్లు వరుసగ కాలనీలకు వస్తుంటే చూసిన. ఒక్కొక్కటి మలుపు కాడ ఇండికేటర్ పసుపుపచ్చగ కొట్టుకుంట తిరుగుతున్నది. నాకు కడుపు మండింది. చాయ్ కూడ తాగకుండ బండి నడిపించుకుంట మెకానిక్ జానీ భాయ్ దగ్గరికి పోయిన. బావ వెనకాల వచ్చిండు, రెండు అడుగులు దూరంగ.

జానీ భాయ్‌కి అరవై దాటి ఉంటయి. డూమ్ ఇప్పి చూసి, కండ్లద్దాలు పైకి జరిపి అడిగిండు, "గీ నల్లది బాడీకి ఎవరు కట్టిన్రు?"

బావ ఎదురుంగ ఉన్న టైర్ల షాపు బోర్డు చదువుతున్నడు.

"మేకలు" అన్న నేను.

జానీ భాయ్ నవ్వలే. "మేడం, ఇంట్ల నల్లది సల్లగుంటది. మీ బండిల నల్లదాని నిండ బ్యాటరీ కరెంటే. బాడీకి తగిలిస్తే ఫ్యూజు పోతది. పోయింది. పది రూపాయలది, మీ బండిని కాపాడి పోయింది."

ఫ్యూజు ఏసిండు. హారన్ మోగింది. ఆ పీపీ సప్పుడు అంత తియ్యగ ఉంటదని నాకు ఎన్నడూ తెల్వదు. ఇగ ఇండికేటర్ కట్టాలె. మా బండి మోడల్‌ది దొరకలే. వేరే బండిది ఒకటి తీసిండు, దాని కాడ సన్నగుంది, మా బండికి అది దూరే బొక్క పెద్దగుంది. ట్యూబు ముక్క కోసి చుట్టు పెడితే సరిపోతదన్నడు. బిగియ్యబోయి ఆగిండు.

"రోజు అడవిల తిరిగేది ఎవరు?"

"నేనే."

"అయితే మీరే కట్టుండ్రి. నేను చెప్త."

స్టూలు నా దిక్కు జరిపిండు. ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, అదే ఆయన మిషన్. ఒక వైరు బాడీకి పెట్టి ఇంకోటి తగిలిస్తే, బల్బు ఎలిగిన చోట కరెంటు ఉన్నట్టు. "కరెంటు రెండు కాళ్లతోని నడుస్తది మేడం. ఒక కాలు బ్యాటరీల, ఒక కాలు బాడీల. ఏ కాలు కుంటుతున్నదో చూస్కోవాలె, అంతే." నేను ఇరవై ఏండ్లు పిల్లలకు సమీకరణాలు చెప్పిన. ఇంత సాఫుగ ఎన్నడూ చెప్పలేదని నాకే సిగ్గయింది.

ఎడమదానికి వచ్చే వైరు నారింజ రంగుది. దాన్ని వెతికిన, తొక్క తీసిన, మెలి పెట్టిన, టేపు చుట్టిన. మొదటిసారి ఊడింది. రెండోసారి నిలిచింది. మీట ఎడమకు నొక్కితే టిక్కు, టిక్కు, టిక్కు.

"బల్బు పోయినా, వైరు ఊడినా మీటర్ మీద లైటు గబగబ కొట్టుకుంటది. అదే మీకు చెప్పినట్టు" అన్నడు జానీ భాయ్. ఇండికేటర్‌కు నూట ఇరవై, ఫ్యూజుకు పది తీస్కున్నడు. లేబర్ ఎంత అంటే, "లేబర్ మీరు చేసిన్రు, నాకెందుకు ఇస్తరు?" అన్నడు. ఆ బల్బు, మిగిలిన టేపు కూడ నా చేతిల పెట్టిండు. ఆ రాత్రి నేను హాయిగ నిద్రపోయిన.

సారపాక

పొద్దున సారపాక వచ్చేసరికి కాయితం మిల్లు వాసన ముక్కుకు తగిలింది, ఉడికిన గడ్డి వాసన లెక్క. జామాయిల్ కట్టెల లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నయి. ఒక్కొక్క దాని వెనక కట్టెలు బారెడు బయటికొచ్చి ఉంటే చివరకు ఎర్ర గుడ్డ కట్టిన్రు. చాయ్ తాగుతున్న డ్రైవర్ ఒకాయనను నేనే అడిగిన, "అన్నా, మీరు కుడి ఇండికేటర్ ఏసి కుడికి తిరగరు ఎందుకు?"

"తిరగనీకి కాదు మేడం అది. ఎనకోళ్లకు, దాటిపో అని చెప్పనీకి."

"మరి నిజంగ తిరగాల్సినప్పుడు?"

"అప్పుడు కూడ కుడిదే ఏస్తం."

"వెనకోడికి ఎట్ల తెలుస్తది?"

"తెలుస్తది" అన్నడు, అదో పెద్ద సంగతి కానట్టు. నాకు తల తిరిగింది. మా క్లాసుల ఒకే గుర్తుకు రెండు అర్థాలు పెడితే నేను మార్కులు కోస్త.

"మరి ఎడమది?" అన్నడు బావ.

"ఎడమదాన్ల మోసం లేదు సార్. ఎడమ కొట్టుకుంటే ఎడమకే. చూస్తే మేము కూడ ఆగుతం."

ఆ మాట నేను గుండెల దాచుకున్న. మా బడి రోడ్డుకు ఎడమ పక్కనే.

వంతెన

గోదారి నిండుగ, ఎర్రగ పోతున్నది. మా ముందున్న బస్సు కిటికీలల్ల నుంచి జనం పైసలు నదిలకు ఇసిరి దండం పెడుతున్నరు. మా బావ కూడ జేబుల నుంచి రూపాయి తీసి ఏసిండు.

"చర్చికి పోయేటోనివి, నీకెందుకయ్యా ఇది?"

"నీళ్లు అందరం తాగుతం గదా" అన్నడు.

వంతెన దిగినంక బండి పక్కకు ఆపిన. "బావా, ఇక్కడి నుంచి చెయ్యి చాపకు. రేపటి నుంచి నువ్వుండవు. ఉండనప్పుడు ఎట్ల పోతనో ఇప్పుడే చూస్కోవాలె." బావ తల ఊపిండు. చేతులు రెండు తొడల కింద పెట్టుకొని కూసున్నడు, నిజంగ.

భద్రాచలంల ఇప్పపువ్వు లడ్డు తిన్నం, ఒకటి ఇరవై. ఎండిన ఖర్జూర పండు రుచి, వెనక కొంచెం చేదు. దుమ్ముగూడెం దాటినంక కోయ ఆడమనిషి ఒకామె రోడ్డు పక్కన వెదురు కొమ్ములు, అంటే లేత వెదురు మొలకలు, కుప్పలు పోసి అమ్ముతున్నది. కుప్ప ముప్పై. ఖమ్మం అలవాటు పోదు గదా, ఇరవైకిస్తవా అన్న. ఆమె నవ్వింది, రేటు తగ్గియ్యలే. ముప్పై ఇచ్చినంక మాత్రం ఇంకో రెండు గుప్పిళ్లు తీసి సంచిల ఏసింది. మనం ముందు తగ్గించుకొని తర్వాత కొంటం. వాళ్లు ముందు అమ్మి తర్వాత ఇస్తరు. నాకు ఆమె పద్ధతే నచ్చింది.

చర్ల దాటినంక

చర్లల వాన మొదలైంది. రోడ్డు గుంతలు. ఎనిమిది కిలోమీటర్లు లోపలికి పోయినంక, ఉత్తగనే చూద్దామని ఎడమ మీట నొక్కిన. మీటర్ మీద లైటు టికటికటిక గబగబ కొట్టుకున్నది. జానీ భాయ్ చెప్పిన గుర్తు.

దిగి చూస్తే ట్యూబు ముక్క గుంతలల్ల ఎక్కడో పడిపోయింది. కాడ బొక్కల గిరగిర తిరిగి తిరిగి వైరును లాగేసింది. టైము నాలుగు కావస్తున్నది. వెనక నుంచి జామాయిల్ లారీ ఒకటి బురద కొట్టుకుంట మమ్మల్ని దాటిపోయింది.

బావ నా పక్కకొచ్చి చాలా నెమ్మదిగ అన్నడు, "నాలుగు కిలోమీటర్లే రూతూ. నేను తోల్త. ఎవరికి చెప్తం? జాయిన్ కా, తర్వాత చూద్దాం."

వెక్కిరించలే, నిజంగ నా మీద పాణం పెట్టుకొనే అన్నడు. అందుకే నాకు ఎక్కువ కష్టమైంది. ఒక్క నిమిషం హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీసిన కూడ. మోకాలు నొప్పి, బట్టలు తడి, ఐదింటి గడువు. ఒక్క నిమిషమే.

"రేపు పొద్దున నువ్వుంటవా?" అన్న.

ఆయన సంచిల నుంచి గొడుగు తీసి నా దిక్కు చాపిండు.

"గొడుగు పట్టు."

పట్టిండు. నేను డూమ్ ఇప్పిన. ఆయన చెయ్యి అలవాటుగ లోపలికొచ్చింది. "నల్లది ముట్టకు" అన్న. చెయ్యి వెనకకు తీస్కున్నడు. బల్బు పెట్టి చూసిన. నారింజ దాన్ల కరెంటు ఉంది, అంటే ఆ కాలు బాగనే ఉంది. కొసను పండ్లతోటి గీకి, మెలి పెట్టి, టేపు చుట్టిన. లైటు వచ్చింది. కాని కాడ ఇంకా తిరుగుతున్నది, మళ్లొక్క గుంత పడితే మళ్ల లాగేస్తది. బొక్కల ఏదైనా కుక్కాలె. రబ్బరు లేదు. గుడ్డ పెడితే తడిసి మెత్తబడతది. బ్యాగు మొత్తం కెలికిన. చేతికి ప్లాస్టిక్ కవరు తగిలింది.

కవరుతో సహా ఆ కాయితాన్ని నిలువుగ మడిచిన, మళ్ల మడిచిన, పట్టీ లెక్క చేసి కాడ చుట్టు చుట్టి బొక్కలకు దిగ్గొట్టిన. నట్టు బిగించిన. కదిలించి చూస్తే బండి కదిలింది గాని కాడ కదలలే. బావ రోడ్డు దిక్కు చూస్తున్నడు, లారీ వస్తదేమో అని.

మీట నొక్కిన. టిక్కు. టిక్కు. టిక్కు.

బడి మలుపు

మలుపుకు అర కిలోమీటరు ముందు ఇంకో లారీ మా వెనక పడ్డది. అద్దంల దాని ముందరి భాగమే నిండిపోయింది. బావ నా వెనక బిగుసుకపోయిండు, ఆయన ఊపిరి నాకు ఇనబడుతున్నది. చెయ్యి మాత్రం బయటికి రాలే.

ఎడమ మీట నొక్కిన. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టిన. అద్దంల లారీ చిన్నగైంది. ఇంకా చిన్నగైంది. డ్రైవర్ పూర్తిగ నిదానం చేసి, హెడ్‌లైటు ఒకసారి ఏసి ఆర్పిండు. నేను ఎడమకు తిరిగిన. నా ఇరవై ఏండ్ల సర్వీసుల ఏ ఇన్‌స్పెక్షన్‌ల వచ్చిన మెప్పు కూడ నాకు అంత సంతోషం ఇయ్యలే. గట్టిగ కేకెయ్యాలనిపించింది. వెయ్యలే, హెడ్‌మిస్ట్రెస్‌ని గదా.

బడి గేటు కాడ ఇంచార్జి సారు గొడుగేసుకొని నిలబడి ఉన్నడు. నాలుగు నలభైకి రిజిస్టర్ల సంతకం పెట్టిన. సారు మా తడి బట్టలు చూసి, "వానల సార్ మంచిగనే తోలుకొచ్చిండు మేడం" అన్నడు.

నేను నోరు తెరిచే లోపే మా బావ అందుకున్నడు. "నేను ఎనక కూసున్న సారూ. ఖమ్మం నుంచి మొత్తం ఆమెనే తోలింది. రిపేరు కూడ ఆమెనే చేసింది."

సారు చాయ్ చెప్పడానికి లోపలికి పోయినంక బావ చెయ్యి చాపిండు. "ఆ కాయితం ఇటియ్యి, చించేస్త."

"ఇండికేటర్ల ఉంది."

బావకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వానలకు పోయి, బండి వెనక వంగి, టేపు అంచున కవరు కొస కొంచెం కనబడుతుంటే చాలాసేపు చూసిండు. తిరిగొచ్చి కండ్లు తుడుచుకున్నడు. వాన నీళ్లు అన్నడు.

ఈ సెలవులకు నేను బండి మీదనే ఒక్కదాన్నే వచ్చిన. నిన్న బావ షాపు నుంచి కొత్త రబ్బరు కోసుకొచ్చి, పానా పట్టుకొని ఇండికేటర్ దగ్గర కూసున్నడు. "ఆ కాయితం తీసేసి ఇది పెడ్త, గట్టిగుంటది" అన్నడు.

"నల్లది ముట్టకు అన్న గదా" అన్న. "ఆ తెల్లది కూడ ముట్టకు."

రబ్బరు జేబుల ఏసుకొని లోపలికి పోయిండు. సెలవులు ఆదివారంతోటి అయిపోతయి. సోమవారం ప్రార్థనకు నేను బడిల ఉండాలె.